రైల్లో ఛార్జింగ్ ఎవరు తింటున్నారు?

ప్రశ్న: నమస్తే సార్. మాది ఆమదాలవలస. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. రోజూ రెండు పూటలా రైలే. ఫోన్ కొని రెండేళ్లయింది, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఉదయం ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుని బయల్దేరితే రాత్రి పడుకునేదాకా వచ్చేది. రెండు నెలల కిందట మా మేనల్లుడు విశాఖ నుంచి వచ్చాడు. గుంటడు సాఫ్ట్‌వేరులో ఉన్నాడు. "అత్తా, స్టేషన్‌లో ఫ్రీ వైఫై పెట్టుకుని డబ్బులు పంపుతున్నావా? ఖాతా ఖాళీ అయిపోద్ది" అని భయపెట్టి, ఒక ఫ్రీ వీపీఎన్ (నెట్ డేటాను తాళం వేసి పంపే యాప్) వేసి, అదెప్పుడూ ఆన్‌లోనే ఉండాలని చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి సాయంత్రం రైలు ఎక్కేసరికి ఇరవైకి పడిపోతోంది, ఇల్లు చేరేలోపు ఫోన్ ఆగిపోతోంది. సీజన్ టికెట్ ఫోన్‌లోనే ఉంది, టీసీ వస్తాడేమోనని ఒకటే టెన్షన్. బ్యాటరీ లిస్టులో చూస్తే అన్నిటికన్నా పైన వీపీఎన్ పేరే ఉంది. సెల్ షాపు అబ్బాయి బ్యాటరీ పోయింది, మార్చేయండి అంటున్నాడు. మేనల్లుడిని అడిగితే వీపీఎన్‌కీ బ్యాటరీకీ సంబంధమే లేదంటాడు. ఎవరి మాట నమ్మాలి? అది తీసేస్తే నా డబ్బులకు ప్రమాదమా? (పేరు రాయొద్దు సార్.)

జవాబు: పేరు రాయనులెండి. మీ మేనల్లుడు, షాపు అబ్బాయి, ఫోన్లోని బ్యాటరీ లిస్టు, ముగ్గురూ తలో ముక్క నిజం చెప్పారు. పూర్తి నిజం ఎవరి దగ్గరా లేదు.

ముందు మీకు కావాల్సిన జవాబు చెప్పేస్తాను. వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఛార్జింగ్ ఎక్కువ ఖర్చవుతుంది. ఇంట్లో వైఫై మీద కూర్చునేవాళ్లకు ఆ తేడా కొంచెమే. మీలా రోజూ రైల్లో తిరిగేవాళ్లకు బాగానే తెలుస్తుంది. బ్యాటరీ మార్పించడానికి తొందరపడకండి. ఆ యాప్ తీసేసినంత మాత్రాన మీ డబ్బులకు కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు.

ఇక లిస్టు సంగతి. మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి ఇది మీకు చప్పున అర్థమవుతుంది. ఫ్యాక్టరీ ఖర్చంతా మీ చేతి మీదుగానే పోతుంది. అంతమాత్రాన ఆ డబ్బంతా మీరు తిన్నట్టా? వీపీఎన్ పరిస్థితీ అదే. అది ఆన్‌లో ఉన్నంతసేపూ వాట్సాప్ ఫొటో అయినా, యూట్యూబ్ వీడియో అయినా, ముందు దాని చేతికే వెళ్తుంది. అది ఆ డేటాను గుప్తలిపిలోకి మార్చి తన సర్వర్‌కు పంపుతుంది, అక్కడి నుంచి అసలు చోటుకు పోతుంది. జవాబు కూడా అదే దారిలో తిరిగి రావాలి. ఆ పని పెట్టించింది యూట్యూబే అయినా లిస్టులో పేరు మాత్రం వీపీఎన్‌ది పడుతుంది. ఇంకో మాట. చాలా ఫోన్లలో ఆ లిస్టులో '30 శాతం' అని ఉంటే బ్యాటరీలో 30 శాతం అని కాదు, అప్పటిదాకా ఖర్చయిన దాంట్లో 30 శాతం అని. పది రూపాయలు ఖర్చయితే అందులో మూడు. జనం దీన్ని తప్పుగా చదివి, ఏ పాపం ఎరగని యాప్‌ను కూడా తీసి పారేస్తుంటారు.

మరి ఈ గుప్తలిపి పనికి ఎంత కరెంటు పోతుంది? మీ మేనల్లుడి మాట ఇక్కడ చాలావరకు నిజం. ఇప్పటి ఫోన్లలో చాలావాటి ప్రాసెసర్లకు ఏఈఎస్ అనే గుప్తలిపి పద్ధతి కోసం చిప్‌లోనే విడిగా ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు లేని చవక ఫోన్లలో కూడా చాచా20 అనే ఇంకో పద్ధతి తేలిగ్గా నడుస్తుంది. పంపే డేటా బరువు కూడా పెద్దగా పెరగదు. వైర్‌గార్డ్ అనే రకం వీపీఎన్‌నే తీసుకుంటే, మామూలు ఇంటర్నెట్ మీద ఒక్కో ప్యాకెట్‌కు, అంటే డేటా ముక్కకు, 60 బైట్లు అదనం. 1400 బైట్ల పైచిలుకు ఉండే పెద్ద ప్యాకెట్ మీద అది నాలుగు శాతం. గంటల తరబడి వీడియో చూస్తే తప్ప ఈ ఖర్చు మీ కంటికి ఆనదు.

మరి ఛార్జింగ్ ఎక్కడ పోతోంది?

మీ ఫ్యాక్టరీలోనే చూడండి. పప్పు డబ్బాలో పోసి సీలు వేయడానికి అయ్యేది ఎంత? అదే లారీని పొద్దంతా గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టి, కాసేపటికో డబ్బా చొప్పున ఎక్కిస్తుంటే డీజిల్ బిల్లు చూసి మీ ఓనరు ఊరుకుంటాడా? గుప్తలిపి అంటే డబ్బాకు సీలు వేయడం. లారీ ఇంజను మాత్రం ఫోన్‌లో టవర్‌తో మాట్లాడే రేడియో.

ఆ రేడియో పని లేనప్పుడు పడుకుంటుంది. పడుకున్నంతసేపూ దాదాపు ఏమీ తినదు. ఏదైనా పంపాల్సి వస్తే లేస్తుంది. పంపింది చిటికెడే అయినా వెంటనే పడుకోదు. ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు, 4జీలో అయితే పది సెకన్ల వరకు కూడా, మేలుకునే ఉంటుంది. ఆ వ్యవధి నెట్‌వర్క్‌ను బట్టి ఉంటుంది.

వీపీఎన్‌కు తన సర్వర్‌తో దారి తెగిపోకుండా చూసుకోవడం ముఖ్యం. మొబైల్ కంపెనీ రూటర్లు కాసేపు మాటామంతీ లేకపోతే ఆ దారిని మర్చిపోతాయి. అందుకని వీపీఎన్ ఉత్తినే ఒక చిన్న ప్యాకెట్ పంపుతూ ఉంటుంది, 'ఉన్నాను, ఉన్నాను' అని. ఉయ్యాల్లో పిల్లాడు నిద్రపోయాడా లేదా అని అర నిమిషానికోసారి తట్టి చూసినట్టు. వైర్‌గార్డ్‌లో ఈ తట్టడం మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, అవసరమై పెట్టుకునేవాళ్లు సాధారణంగా 25 సెకన్లు పెడతారు. అంటే గంటకు 144 సార్లు. ఒక్కోసారి లేచిన రేడియో పది సెకన్లు మేలుకుని ఉందనుకుంటే గంటలో 24 నిమిషాలు, మీరు ఫోన్ సంచిలోంచి తీయకపోయినా సరే. ఓపెన్‌వీపీఎన్ అనే పాత రకంలో తరచూ కనిపించే అంకె 10 సెకన్లు. అప్పుడు పది సెకన్లకోసారి తట్టడం, పది సెకన్లు మేలుకోవడం. ఇక ఆ పిల్లాడు నిద్రపోయేది ఎప్పుడు?

వీపీఎన్ లేనప్పుడు కూడా మెసేజీలు వస్తూనే ఉంటాయి కదా అంటారా? వస్తాయి. కానీ ఆండ్రాయిడ్‌లో నోటిఫికేషన్ల కోసం చాలా యాప్‌లు కలిసి ఒకే దారి వాడుకుంటాయి. ఆ దారి ఏ కబురూ లేకపోతే నిమిషాల తరబడి ఊరుకుంటుంది. పైగా 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే నిద్ర ఏర్పాటు ఉంది. స్క్రీన్ ఆపి ఫోన్ కదలకుండా బల్ల మీద పెడితే కాసేపటికి యాప్‌లన్నిటినీ జోకొడుతుంది. మీ ఫోన్ కదలకుండా ఉండేది ఎప్పుడు? ఊగే రైల్లో, భుజానికి తగిలించుకున్న సంచిలో ఉంటే ఆ గాఢనిద్ర రాదు.

ఇప్పుడు మీ రైలు దగ్గరికి వద్దాం. ఆ లైను మీద నేనూ తిరిగినవాణ్నే. మీ ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి పలాస దాకా సుమారు 70 కిలోమీటర్లు. ఉర్లాం, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి. స్టేషన్ దగ్గర సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, ఊరు దాటి పొలాల్లో పడగానే ఒకటో రెండో మిగులుతాయి. నౌపడ దాకా వచ్చి కిటికీలోంచి ఉప్పు మడులు చూస్తూ కూర్చుంటే మీకు హాయిగానే ఉంటుంది. సంచిలో ఫోన్‌కు మాత్రం అప్పుడే కష్టకాలం. టవర్ దూరమయ్యేకొద్దీ రేడియో గొంతు పెంచి అరవాలి. 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల బలంతో సిగ్నల్ పంపుతుంది. టవర్ పక్కనే ఉంటే అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. అంత బలంతో సిగ్నల్ బయటికి పంపడానికి బ్యాటరీలోంచి లాగేది దానికి ఎన్నో రెట్లు. ఇనుప పెట్టె లోపల కూర్చున్నారు కాబట్టి ఇంకొంచెం.

వీపీఎన్ లేకపోయినా సిగ్నల్ పోతే ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటుంది. వీపీఎన్ ఆన్‌లో ఉంటే దానికి తోడు, దారి తెగింది, మళ్లీ కలపాలి అని అది తలుపు తడుతూనే ఉంటుంది. సర్వర్‌ను వెతకడం, తాళాలు మార్చుకోవడం, సగంలో సిగ్నల్ పోతే మళ్లీ మొదటి నుంచి. అదంతా రేడియో గొంతు చించుకుంటున్న సమయంలోనే. మీ ఛార్జింగ్‌లో పెద్ద వాటా పోతున్నది ఇక్కడే.

స్టేషన్ వైఫై దీనికి తోడు. రైలు ఆగగానే ఫోన్ ఆ వైఫైని పట్టుకుంటుంది. ఓటీపీ కొట్టి లాగిన్ అయ్యేదాకా నెట్ రాదు, నెట్ రాక వీపీఎన్ కలవదు, కలవక మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈలోపు రైలు కదులుతుంది, వైఫై పోయి మొబైల్ డేటా వస్తుంది, మళ్లీ మొదలు. ప్రతి స్టేషన్‌లోనూ ఇదే తంతు. మీ ఫోన్లో ఆ వైఫైకి ఆటో కనెక్ట్ ఉంటే ముందు అది తీసేయండి. ఈ ఒక్క పనికే తేడా కనిపించవచ్చు.

మీ మేనల్లుడు అబద్ధం చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పొద్దస్తమానం ఉండేది గట్టి వైఫై కింద, చేతికందే దూరంలో ఛార్జర్. వైఫైలో ఇలా లేచి పడుకోవడానికి అయ్యే ఖర్చు మొబైల్ డేటాతో పోలిస్తే చాలా తక్కువ. ఆయన కుర్చీలోంచి చూస్తే నిజంగానే సంబంధం లేదు. ఒక్క పూట మీతో పాటు పలాస ప్యాసింజర్ ఎక్కించండి.

షాపు అబ్బాయి మాట తేల్చడం మీ చేతిలోనే ఉంది. రెండేళ్లుగా రోజుకో ఫుల్ ఛార్జింగ్ అంటే 700 పైచిలుకు సార్లు. ఫోన్ బ్యాటరీలకు కంపెనీలు చెప్పే ఆయుష్షు, 80 శాతానికి తగ్గేదాకా, పాత మోడళ్లకు 500 సార్లు, కొత్తవాటికి 800, 1000 దాకా ఉంటుంది. కాబట్టి మీ బ్యాటరీ కొంత అరిగే ఉంటుంది, అందులో అనుమానం లేదు. కానీ అరుగుదల మెల్లగా వస్తుంది. మీది ఒక్కసారిగా, అదీ వీపీఎన్ వేసినప్పటి నుంచే వచ్చింది. అందుకే నా అనుమానం బ్యాటరీ మీద తక్కువ.

ఇలా చేసి చూడండి. ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. మూడు రోజులు వీపీఎన్ ఆఫ్, తర్వాత మూడు రోజులు ఆన్. అదే రైలు, అదే పని, స్క్రీన్ వెలుతురు ఒకటే. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు, పలాసలో దిగినప్పుడు, సాయంత్రం రైలు ఎక్కినప్పుడు, ఆమదాలవలసలో దిగినప్పుడు ఎంత శాతం ఉందో రాయండి. ఒక్క రోజు చూసి తేల్చేయకండి. ఆ రోజు పిల్లలు ఫోన్ తీసుకుని ఉండొచ్చు, రైలు ఔటర్‌లో గంట నిలబడి ఉండొచ్చు. ఆఫ్ చేశాక పైన తాళంచెవి గుర్తు పోయిందో లేదో చూసుకోండి. 'ఆల్వేస్ ఆన్' పెట్టి ఉంటే అది దానంతటదే మళ్లీ లేస్తుంది. సెట్టింగ్స్‌లో వీపీఎన్ అని వెతికి, దాని పక్కనున్న చక్రం గుర్తు నొక్కితే ఆ ఆప్షన్ కనిపిస్తుంది. దాని కింద వీపీఎన్ లేకుండా నెట్ రానివ్వొద్దు అనే ఇంకో స్విచ్ ఉంటుంది, అది కూడా ఆఫ్ చేయండి. లేదంటే వీపీఎన్ ఆపగానే నెట్ కూడా ఆగిపోతుంది, మీరు మళ్లీ కంగారు పడతారు.

రెండు లెక్కలూ ఒకేలా వస్తే షాపు అబ్బాయే గెలిచాడు, వెళ్లి బ్యాటరీ మార్పించుకోండి. రైలు గంటల్లో తేడా వచ్చి ఫ్యాక్టరీలో కూర్చున్న గంటల్లో రాకపోతే నేను చెప్పిందే జరుగుతోంది.

ఇక అసలు ప్రశ్న. అది మీరు ఉత్తరం చివర్లో అడిగారు, నా మట్టుకు అదే ముందు అడగాల్సింది. ఆ వీపీఎన్ మీకు అసలు ఎందుకు?

యూపీఐ యాప్‌లు, బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఉన్నా లేకపోయినా తమ డేటాను తామే గుప్తలిపిలో పంపుతాయి. స్టేషన్ వైఫైలో పక్కన కూర్చున్నవాడు మీ పిన్ చదివేయలేడు. ఆ భయం వెబ్‌సైట్లు చాలావరకు తాళం లేకుండా నడిచిన పాత రోజులది. ఈ రోజుల్లో ఖాతాలు ఖాళీ అవుతున్నది ఓటీపీ చెప్పించుకుని, పార్సిల్ వచ్చిందని లింకు పంపి, పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వేయించి, పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి. వీటిలో ఒక్కదాన్ని కూడా వీపీఎన్ ఆపలేదు. మీరు నొక్కిన లింకును అది భద్రంగా సీలు వేసి మరీ మోసగాడికి చేరుస్తుంది. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఆ నంబరు సేవ్ చేసుకోండి.

పైగా ఫ్రీ వీపీఎన్ అంటే నాకు మొదటి నుంచీ పడదు. మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో స్టేషన్ వైఫై వాడికి కనపడకుండా దాచారు, బాగుంది. ఇప్పుడు ఆ వివరం ఊరూ పేరూ తెలియని ఒక కంపెనీ చేతిలో పెట్టారు. సర్వర్లకు అద్దె కట్టాలి, జీతాలు ఇవ్వాలి, మీ దగ్గర పైసా తీసుకోడు. మరి ఎక్కడి నుంచి వస్తున్నట్టు? మంచి కంపెనీలు కొన్ని డబ్బు కట్టేవాళ్ల మీద నడుస్తూ కొంత ఉచితంగా ఇస్తాయి. మిగతావాటిలో చాలావరకు ప్రకటనల మీద బతుకుతాయి, ఆ ప్రకటనలు దించుకోవడానికీ మీ ఛార్జింగే ఖర్చు.

ఇంకో సంగతి ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు తమ ఖాతాదారుల వివరాలు అయిదేళ్లు దాచాలని ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబర్ 25 నుంచి అమల్లోకి వచ్చింది. ఆఫీసులు తమ ఉద్యోగులకు ఇచ్చే వీపీఎన్‌లకు ఆ నియమం వర్తించదు, కాబట్టి మీ మేనల్లుడి ఆఫీసు వీపీఎన్ వేరే కథ. ఆ ఆదేశం వచ్చాక కొన్ని పెద్ద కంపెనీలు భారత్‌లోని సర్వర్లు ఎత్తేసి, సింగపూర్ లాంటి చోట్ల నుంచి 'ఇండియా' పేరుతో నడుపుతున్నాయి. అంటే పలాసలో మీరు పక్క టేబుల్ వాళ్లకు పంపే బిల్లు సముద్రం దాటి వెళ్లి మళ్లీ రావచ్చు. దూరం పెరిగితే జవాబు ఆలస్యం, ఆలస్యమైనంతసేపూ రేడియో మేలుకునే ఉంటుంది. కొన్ని బ్యాంకు యాప్‌లైతే వీపీఎన్ చూడగానే తెరుచుకోకుండా మొరాయిస్తాయి.

నన్ను అడిగితే ఆ యాప్ తీసేయండి. డబ్బులు పంపేటప్పుడు స్టేషన్ వైఫై వదిలి మీ సొంత మొబైల్ డేటా వాడండి, మనసు కుదుటగా ఉంటుంది.

మేనల్లుడి మాట తీసేయలేక ఉంచుకుంటానంటే, పని ఉన్నప్పుడు ఆన్ చేసి పని అయ్యాక ఆఫ్ చేయండి. యాప్ సెట్టింగ్స్‌లో 'ప్రోటోకాల్' అని ఉంటుంది. అందులో వైర్‌గార్డ్ ఉంటే అది ఎంచుకోండి. ఆండ్రాయిడ్‌కు పునాది అయిన లినక్స్‌లో, 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్‌లోనే చేర్చుకున్నారు దాన్ని, కోడ్ చిన్నది, పనిలేనప్పుడు నోరు మూసుకుని కూర్చునే గుణం దానిది. అది లేకపోతే ఐకేఈవీ2 అనే ఇంకో రకం. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా దారి తెంచుకోకుండా సర్దుకునే ఏర్పాటు అందులో ఉంది, రైలు ప్రయాణానికి అదీ నయమే. ఓపెన్‌వీపీఎన్ టీసీపీ మాత్రం వద్దు. టీసీపీ అంటే పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపే పద్ధతి, మీ యాప్‌లు లోపల ఎలాగూ దాన్నే వాడుతుంటాయి. సిగ్నల్ తెగుతూ అతుకుతూ ఉండే చోట పోయిన ప్యాకెట్‌ను లోపలి టీసీపీ ఒకసారి, బయటి టీసీపీ ఒకసారి మళ్లీ పంపబోయి రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. సర్వర్ దగ్గరలోది ఎంచుకోండి. 'స్ప్లిట్ టన్నెలింగ్' ఉంటే వీడియో యాప్‌లను వీపీఎన్ బయట పెట్టేయండి. ఒక్కటి మాత్రం చేయకండి: బ్యాటరీ ఆదా అవుతుందని వీపీఎన్‌ను 'రిస్ట్రిక్టెడ్'లో పెట్టకండి. ఫోన్ దాన్ని చంపుతుంది, అది మళ్లీ లేస్తుంది, లేచిన ప్రతిసారీ మొదటి నుంచి కలుపుకుంటుంది. ఆదా పోయి రెట్టింపు ఖర్చు.

ఈ సిగ్నల్ సంగతి మన జిల్లావాళ్లకు కొత్త కాదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక కరెంటు లేక, జనరేటర్ ఉన్న ఇంటి ముందు ఫోన్లు పట్టుకుని వరుస కట్టిన రోజులు నాకింకా గుర్తే. టవర్లు సగం పడిపోయి, ఉన్న ఒక్క గీత కోసం ఫోన్ వెతుక్కుంటూ జేబులోనే వేడెక్కి చచ్చేది. ఎవరికీ ఒక్క కాల్ చేయకుండానే. అప్పుడు వీపీఎన్ కూడా లేదు నా ఫోన్లో. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీసి చూసుకోమని ఎవరో చెబితే, ఆ రెండు రోజులూ అలాగే నెట్టుకొచ్చాను. మీరూ నౌపడ దాటాక కాల్ ఏదీ రాదనుకుంటే కాసేపు అలా పెట్టి చూడండి.

ఆరు రోజుల లెక్క పూర్తయ్యాక నాకు రాసి పంపండి, మీ మేనల్లుడికి కూడా ఒక కాపీ. ఈలోపు సీజన్ టికెట్ ఈసారికి కౌంటర్‌లో కాగితం మీద తీసుకోండి. ఫోన్ చచ్చిపోయిందంటే టీసీ ఒప్పుకోడు.